వెచ్చటి పొర

వాతావరణ కేంద్రంలో ఆవిడ పేరు ఎవరికీ పట్టదు, బెలూనక్క అంటే చాలు. రోజూ ఆకాశంలోకి వదిలే పెద్ద బెలూన్ నింపేది ఆవిడే. ఆ సమయంలో ఎవరైనా పక్కన కబుర్లు పెట్టారా, చీవాట్లు తప్పవు. బెలూన్ మూతికి తూకపురాయి తగిలించి గ్యాస్ ఎక్కిస్తుంది. రాయి నేల వదిలిందంటే ఆపెయ్యాలి. ఆశకు పోయి ఇంకాస్త ఎక్కిస్తే రివ్వున లేస్తుంది గానీ తొందరగా పగిలిపోతుంది.

ఆవిడ ఒక్కగానొక్క కూతురు జబ్బుతో మంచం పట్టింది. ఎన్ని దుప్పట్లు కప్పినా చలే. నానమ్మ అల్లిన ఉన్ని టోపీని తల మీంచి తియ్యనిచ్చేది కాదు. అమ్మ పక్కన కూర్చుని గాలి పొరల కథ చెప్పేది. మబ్బులూ వానలూ ఈదురుగాలులూ, ఈ గోలంతా మనముండే కింది పొరలోనేనట. అందులో పైకి పోయేకొద్దీ ఒళ్ళు కొరికే చలి. అది దాటితే ఇంకో పొర. అక్కడి గాలి ఎండ వేడిని పట్టుకుంటుంది గనక, పైకి పోయేకొద్దీ మళ్ళీ వెచ్చబడుతుందట.

"నేను పోతే నా టోపీ అక్కడికి పంపమ్మా," అంది పిల్ల ఓ రోజు.

పిచ్చిమాటలు మాట్లాడకని కసిరింది తల్లి. పిల్ల మొహం చూసి, సరే పంపుతానని మాటిచ్చింది.

పిల్ల దక్కలేదు. మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు తల్లి టోపీని సంచిలో పెట్టుకెళ్ళి, బెలూన్‌కి వేలాడే, చలీ వేడీ కొలిచే పరికరం కింద దారంతో కట్టింది. రాయి నేల వదిలింది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఈ బరువుతో అంత దూరం చేరకపోతేనో అని ఇంకాస్త, మరికాస్త ఎక్కించింది. ఆ పని ఇంకొకరు చేసుంటే అక్కడే దులిపేసేది. బెలూన్ వదిలి, లోపలి గదిలో తెర ముందు కూర్చుంది. పరికరం పంపే అంకెల్లో చలి ముదురుతోంది. ఇదిగో తగ్గుతుంది, ఇదిగో వెచ్చబడుతుంది అని రెప్ప వెయ్యకుండా చూసింది. చలి అన్నిటికన్నా ముదిరినచోట, రెండు పొరల సరిహద్దులోనే, బెలూన్ పగిలిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు పిల్ల మంచం కింద వెతుకుతోంది.

"టోపీ ఉతికెయ్యలేదు కదమ్మా? దాని తల వాసన అందులోనే ఉంది."

"అది అడిగిందత్తయ్యా. బెలూన్‌కి కట్టి పంపేశాను."

ముసలావిడ వెతకడం ఆపి మంచం మీద కూర్చుంది. కోడలి మొహంలోకి చూసి అడిగింది.

"చేరిందా మరి?"

"చేరిందత్తయ్యా."

"పోనీలే తల్లీ. ఇంక దానికి చలెయ్యదు," అంటూ కోడలి తల నిమిరింది.

ఆ చెయ్యి తగలగానే కోడలు ఆవిడ ఒళ్ళో పడి వెక్కివెక్కి ఏడ్చింది. చేరలేదని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.