గసగసాల కేసు గురమ్మ

కువైట్ ఆడవాళ్ళ జైల్లో ఉన్న మూడేళ్ళూ గురమ్మను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. తెలుగువాళ్ళకూ తమిళులకూ ఆమె "గసగసాల కేసు". పక్క మంచాల మీద కత్తిపోటు కేసులుండేవి, మత్తుమాత్రల కేసులుండేవి. వాళ్ళ మధ్యన ఈమె ఒకతె. లక్కిరెడ్డిపల్లె దగ్గర పల్లెటూరి మనిషి, పాయసంలో వేసుకునే గింజలు తెచ్చి పట్టుబడింది. సంగతి వినగానే కొత్తగా వచ్చినవాళ్ళు పకపకా నవ్వేవారు. శిక్ష ఎన్నేళ్ళో తెలిశాక నోరు మూసుకునేవారు.

ఆ గసగసాలు ఎవరికోసమంటారా? ఇంకెవరికి, మొగుడికే. చిన్నపుల్లయ్య కూడా కువైట్‌లోనే, ఊళ్ళకు దూరంగా వఫ్రాలో, దోసకాయల తోటలో పనిచేస్తాడు. అంతకుముందు ఎడారిలో గొర్రెలు కాసేవాడు. ఒక ఎండాకాలం మందలో సగం చచ్చిపోతే కఫీల్ చేతికందిన దాంతో బాదాడు. పుల్లయ్య పారిపోయాడు. ఆ యజమాని ఊరుకుంటాడా? పనివాడు పారిపోయాడని ఒక కేసు, గొర్రెలు అమ్ముకున్నాడని ఇంకో కేసు పెట్టాడు. ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఇఖామా, రద్దయింది. ఇండియాకు పోదామంటే కేసు తేలనిదే విమానం ఎక్కనివ్వరు. కేసు తేల్చుకుందామని స్టేషన్ గడప తొక్కితే లోపలేస్తారు. అట్లా తొమ్మిదేళ్ళుగా ప్లాస్టిక్ పందిరి కింద, దోస తీగల మధ్య, ఎవరి కంటా పడకుండా బతుకుతున్నాడు. ఆ భయానికి నిద్ర పట్టక కళ్ళు గుంటలు పడ్డాయి.

గురమ్మ సముద్రం పక్కన ఫింటాస్‌లో ఒకే ఇంట్లో పదమూడేళ్ళు పనిచేసింది. పిల్లల్లేరు వాళ్ళకు. కాపురమంటే రెండు నెలలకొక శుక్రవారం, అంతే. పుల్లయ్య ఎవరిదో కూరగాయల బండిలో నక్కి నక్కి సముద్రం ఒడ్డుకు వచ్చేవాడు. గురమ్మ తన యజమానురాలు మామాను బతిమాలి, రెండు గంటలు సెలవు తీసుకుని, క్యారియర్ పట్టుకుని పోయేది. రాళ్ళ మీద కూర్చుని తినేవాళ్ళు. పోట్లాడుకునేవాళ్ళు కూడా, మరి మొగుడూ పెళ్ళాలన్నాక పోట్లాడుకోరూ? ఉన్న రెండు గంటల్లోనే అలకా, ఆ అలక తీర్చడమూ. చుట్టూ జనం తిరుగుతుంటారు గనుక చెయ్యి పట్టుకోవాలన్నా సిగ్గే.

అట్లాంటి ఒక శుక్రవారం పుల్లయ్య ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు.

"కన్ను మూసి పన్నెండు దినాలాయ మే. పండుకుంటే సాలు, బూట్ల సప్పుడు ఇనపడతాది," అన్నాడు.

గురమ్మ ఆ వారమే సెలవు మీద ఊరికి పోతోంది. "మా యమ్మ నీ మాదిరోళ్ళకు గసగసాల పాయసం కాసి పోసేది. తాగినోడు పొద్దెక్కినా లేసేటోడు కాదు. వచ్చేటప్పుడు తెస్తాలే," అంది.

తెచ్చింది. అరకిలో, గుడ్డసంచిలో, కందిపొడికీ ఎండు మిరపకాయలకూ మధ్యన. దాచనైనా దాచలేదు. గసగసాలు అక్కడ మత్తుమందు కింద లెక్క అని మన ఊళ్ళలో చెప్పేవాళ్ళు చెబుతూనే ఉంటారు. గంజాయి తేవద్దంటే వింటారు గానీ, వంటింటి డబ్బాలో ఉండే సరుకు నేరమంటే ఎవరు నమ్ముతారు? విమానాశ్రయంలో అధికారి సంచి విప్పి, ఇదేమిటని అడిగాడు. ఊరికే ఉన్నా సరిపోను. పదమూడేళ్ళ అరబ్బీ వచ్చు కదా మహాతల్లికి! "దవా. నిద్రకు మందు. ఇది తాగితే మనిషి కదలకుండా పడుకుంటాడు," అని చేతులు తిప్పుతూ మరీ వివరించింది. ఆ మాట ఉన్నదున్నట్టు కాగితం మీదికెక్కింది. ఇక ఖలాస్.

"ఎవరికి?" అని అడిగారు. అప్పుడు అర్థమైంది ఆమెకు. మొగుడి పేరు చెబితే వఫ్రాకు జీపు పోతుంది. "నాకే," అంది. కోర్టులోనూ ఆ మాటే అంది. మామా వచ్చి, ఇది మంచి మనిషేనని చెప్పి, కళ్ళు తుడుచుకుని పోయింది. శిక్ష మూడేళ్ళు. ఆ తర్వాత దేశం నుంచి పంపేయడం, మళ్ళీ ఎన్నడూ అడుగుపెట్టకుండా వేలిముద్రలు తీసుకోవడం.

ఎప్పుడో ఐర్లండులో ఆకలికి రొట్టె దొంగిలించినవాళ్ళను ఓడలెక్కించి సముద్రాల అవతల దించేవారట. మొగుడొక ఒడ్డున, పెళ్ళామొక ఒడ్డున ముసలివాళ్ళై పోయేవారట. ఆ రోజులు పోయాయనుకుంటాం. ఎక్కడ పోయాయి, నా తలకాయ! గురమ్మను పంపేది సొంతూరికే, అదొక్కటే తేడా. ఇకమీదట ఆమె అక్కడికి పోయే వీల్లేదు, అతను ఇక్కడికి రాలేడు.

జైల్లో ఉన్నన్నాళ్ళూ అప్పుడప్పుడు ఫోనులో గొంతు వినేది. మనిషిని చూడటం మాత్రం కుదరలేదు. ములాఖత్‌కు రావాలంటే కార్డు చూపించాలి, పుల్లయ్యకు కార్డెక్కడిది? ఆమెను చూడటానికి వచ్చేది, అక్కా అని పిలిచే కడప డ్రైవరు మహమ్మద్ గౌస్ ఒక్కడే. విడుదల దగ్గరపడ్డాక అతనితో అంది:

"గౌసూ, మీ బావకు చెప్పు. నన్ను పంపించే దినం ఏర్‌పోర్టు కాడికి రమ్మను. మాట్లాడొద్దు, దగ్గరికి రావద్దు. యాడన్నా దూరంగా నిలబడుకుంటే సాలు. ఒక్క తూరి సూసి పోతా."

"ఆడంతా పోలీసులే గదక్కా. పట్టుకుంటే?"

గురమ్మ వెనక్కు తగ్గింది. "అయితే వద్దులే," అంది. గౌస్ లేచి నాలుగడుగులు వేశాడో లేదో, అద్దం మీద టకటకా కొట్టింది. "గుంపులో నిలబడుకుంటే ఎవురు గుర్తు పడతారు? రమ్మనే చెప్పు," అంది. ఆ మాట అన్నందుకు తర్వాత వారమంతా తనను తాను తిట్టుకుంది. పాపిష్టి మనసు! తిట్టుకుంటూనే మొగుడి ముఖం కోసం ఎదురుచూసింది.

పంపించే రోజు పొద్దున్నే వాళ్ళే ఇచ్చిన బూడిదరంగు గౌను తొడిగి, తలకు నల్లగుడ్డ చుట్టి, వ్యానెక్కించారు. జనం తోపుడుబండ్లతో దిగే పెద్ద వాకిలి దగ్గరే దింపుతారని గురమ్మ అనుకుంది. పదమూడేళ్ళుగా ఆమెకు తెలిసిన వాకిలి అదే. దూరంగా ఆ అద్దాల తలుపులు కనిపించాయి, వాటి ముందు చీమల్లా మనుషులు. వ్యాను అటు పోలేదు. గోడ వెంబడి తిరిగి, వెనక గేటులోంచి లోపలికి పోయింది.

"ఆ పక్కకు, ఒక్క నిమిషం, మా ఆయన..." అని పోలీసు పిల్ల చెయ్యి పట్టుకుంది గురమ్మ.

"యల్లా, యల్లా," అని తొందరపెట్టింది ఆ పిల్ల, కసురుకోకుండానే. ఒక గది, అక్కడ సంతకం, ఒక బస్సు, విమానం మెట్లు. పది గంటలకల్లా విమానం ఎగిరింది. గోడలు తప్ప ఏమీ చూడలేదు గురమ్మ. దారి పొడుగునా కొంగు లేని ఆ గౌను చేతులతోనే ముఖం తుడుచుకుంది.

తమ్ముడింటికి చేరిన మరునాడు ఫోను మోగింది. వచ్చినావా అని అడగాలంటే ఆమెకు నోరు రాలేదు. పుల్లయ్యే ముందు అన్నాడు.

"సూసినా మే నిన్ను."

గురమ్మ గోడకు ఆనుకుంది.

"అద్దాల తలుపుల కాడ్నే ఉంటి, సాయంత్రం దాకా. నువ్వు లోపలికి పోతాంటే బాగా సూసినా. నీలం సీర కట్టుకోనుంటివి గదా. సన్నబడినావు గానీ, బాగుండావు మే."

ఆమె పెదవి కొరుక్కుంది. సాయంత్రం దాకా నిలబడ్డాడు, పిచ్చిమనిషి, అంతమంది పోలీసుల మధ్య!

"అవునయ్యా, నీలం సీరే," అంది. "నేను గూడా నిన్ను సూసినా. తెల్లసొక్కా ఏసుకోనుంటివి."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

"ఆ, తెల్లసొక్కానే," అన్నాడు పుల్లయ్య. "ఎట్ల కనపడినా మే నేను?"

"బాగుండావయ్యా," అంది గురమ్మ. "బాగుండావు."