రూతమ్మ కట్టించిన పరదా

మాక్లూర్‌లో కూలి చేసుకునే సీమోను బిడ్డ రూతమ్మ. మిషన్ బడిలో చదివి, హైదరాబాదులో ఆటల టీచరు ట్రైనింగు పూర్తిచేసి, నిజామాబాదులో ఒక కాలేజీలో ఆడపిల్లలకు ఆటలు నేర్పే ఉద్యోగంలో చేరింది. తెల్లచీర, కాన్వాసు బూట్లు, మెడలో సిలువ పక్కనే విజిలు. ఆ వేషం చూసి బజారంతా ముక్కున వేలేసుకుంది. ఆమె మాత్రం ఆ చూపుల మధ్యనుంచి పెళ్లికి పోతున్నంత హుషారుగా నడిచిపోయేది.

ఉద్యోగమైతే ఉంది గానీ, ఆడే పిల్లలేరి? గ్రౌండేమో రోడ్డు పక్కనే. ఖోఖో ఆడదాం రమ్మంటే అమ్మాయిలు ఓణీలు సర్దుకుని లైబ్రరీలో దూరేవారు. ఇళ్లకు వెళ్లి అడిగితే తండ్రులు చాయ్ పోయించి, మర్యాదగా సాగనంపేవారు.

తెగేసి మాట్లాడినవాడు జగ్గారావు ఒక్కడే. కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర చెరుకు వేసుకుంటున్న రైతు. ఆయన కూతురు రాధాకుమారి కాలేజీ హాస్టల్లో ఉండేది. ఆ పిల్ల పరుగు చూసినప్పటి నుంచి రూతమ్మకు ఆమె మీదే కన్ను.

"గ్రౌండు చుట్టూ పరదా కట్టించండి టీచరుగారూ. మగపురుగన్నది లోపలికి రాకూడదు. అలాగైతే ఆడనిస్తాను," అన్నాడు జగ్గారావు. అనడమే కాదు, బెల్లం గోనెసంచులు విప్పి కుట్టించి, ఆ పట్టాలు తన బండిమీదే పంపాడు. రూతమ్మ వాటిని కర్రలకు కట్టించింది. బెల్లం వాసనకు ముందు చీమలొచ్చాయి, ఆ వెనక అమ్మాయిలొచ్చారు. పరదా ఉందని తెలిసి మిగతా తండ్రులు కూడా సరేనన్నారు.

పరదా లోపల ఆ పిల్లలు చెలరేగి ఆడేవారు. ఆ ధైర్యంతోనే 1967 చలికాలంలో రూతమ్మ వాళ్లను యూనివర్సిటీ పోటీలకు హైదరాబాదు తీసుకుపోయింది. అక్కడ పరదా ఎక్కడిది? చుట్టూ జనం. ఆ జనాన్ని చూడగానే పిల్లలకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రాధాకుమారి ఓణీ గట్టిగా పట్టుకుని స్తంభం పక్కనే నిలబడిపోయింది. చిత్తుగా ఓడారు. తప్పు పిల్లలది కాదని రూతమ్మకు తిరుగు రైల్లోనే తెలిసింది. ఆటతోపాటు దాక్కోవడం కూడా తనే నేర్పింది మరి.

వచ్చే ఏడు కూడా ఇదే తంతయితే ఆడపిల్లల జట్టే వద్దన్నాడు ప్రిన్సిపాలు. పరదా తీసేద్దామని అడిగితే జగ్గారావు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "తీశారంటే మా అమ్మాయిని ఇంటికి తీసుకుపోతాను," అన్నాడు. ఆయన తీసుకుపోతే మిగతా తండ్రులు ఊరుకుంటారా? పరదా ఉంచితే జట్టు పోతుంది, తీస్తే పిల్లలు పోతారు. రూతమ్మకు అన్నం సహించలేదు. కానీ ఆమె మొండిది. ఆ మొండితనానికి దండం పెట్టాలి.

మళ్లీ పోటీలు దగ్గరపడగానే తల్లులందరినీ ఆట చూడటానికి పిలిచింది. ఆడవాళ్లు రావడానికి అడ్డేముంది? రాధాకుమారి తల్లి హనుమాయమ్మను జగ్గారావే వెంటబెట్టుకొచ్చాడు. భార్య వెనకే లోపలికి అడుగు వేయబోతే రూతమ్మ అడ్డంగా నిలబడింది.

"మగోళ్లు రావద్దన్నా. గది మీరు పెట్టిన కట్టుబాటే."

"ఆడేది నా కూతురేనమ్మా!"

"లోపల ఉన్నోళ్లంత ఎవరో ఒకరి బిడ్డలే గద. మీకొక తీరు, వాళ్ల బాపులకొక తీరా?"

జగ్గారావు మొహం కందగడ్డ చేసుకుని బయటే ఉండిపోయాడు. లోపల విజిలు మోగింది. ఖో ఖో అని కేకలు, ఆపైన తల్లుల గోల. ఆ గోలలో ఒక గొంతు విని ఆయన ఉలిక్కిపడ్డాడు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆయనెదుట గొంతెత్తని హనుమాయమ్మ!

"రాధా! అటు కాదే, ఇటు! ఆ పిల్లకి దొరక్కు!"

"ఏమైంది? దొరికిపోయిందా?" అని జగ్గారావు గోనెపట్టాను అడిగాడు. కుట్ల సందులోంచి చూడబోతే కనురెప్ప మీద చీమ కుట్టింది. లోపల అందరూ రాధా, రాధా అని అరుస్తున్నారు. తన కూతుర్ని తను తప్ప అందరూ చూస్తున్నారు! రెండు చేతులా పరదా తాడు పట్టి లాగాడు. కర్రలు ఒరిగి పరదా నేలమీద పడింది.

రోడ్డు మీద పోయే రిక్షావాళ్లు, సైకిళ్లవాళ్లు ఆగిపోయి చూస్తున్నారు. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు. రాధాకుమారి చెయ్యి ఓణీ మీదికి పోయింది. అచ్చం హైదరాబాదులో లాగే.

"ఆగావేమే?" జగ్గారావు రోడ్డంతా వినపడేలా అరిచాడు. "పరిగెత్తు! వెనకే వస్తోంది!"

రాధాకుమారి ఓణీ వదిలేసి పరిగెత్తింది. మిగతా పిల్లలు కూడా కదిలారు. రూతమ్మ విజిలు నోటికి పెట్టుకుంది గానీ, ఏడుపొచ్చి ఊదలేకపోయింది.

ఆ ఏడు హైదరాబాదులో జట్టు ఫైనలు దాకా పోయింది, రాధాకుమారి యూనివర్సిటీ జట్టుకు ఎంపికైంది. అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మాత్రం రూతమ్మ గోనెపట్టాలు చుట్టి, ఇంక వీటితో పనిలేదని జగ్గారావుకు తిరిగి ఇవ్వబోయింది.

ఆయన కందిన కన్ను నలుపుకుంటూ అన్నాడు: "ఉంచండి టీచరుగారూ. కింద పరిస్తే, ఆట చూడటానికి వచ్చినవాళ్లు కూర్చుంటారు."