నిండు బుగ్గలు

పంతొమ్మిదివందల అరవైల్లో మా చిన్న చెల్లెలికి ముఖం, కాళ్లు ఉబ్బితే, పిల్ల ఒళ్లు చేసిందని జువ్వలదిన్నెలో అందరూ మురిసిపోయారు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోందని అమ్మ ఒక్కతే గమనించి కావలి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు కాలి మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"గుండె బలం తగ్గి ఒంట్లో నీరు చేరింది. ఉప్పు పెట్టొద్దు, మాత్రలు ఆపొద్దు" అన్నాడాయన.

మాత్రలతో నీరంతా పోయింది. చెల్లెలు ఆయాసం లేకుండా పడుకుని నిద్రపోయింది. అయితే ఉబ్బు దిగాక మిగిలింది ఎముకలే. అది చూసి నాయనమ్మ డాక్టరును తిట్టిపోసింది.

"బంగారం లాంటి బిడ్డని పుల్ల చేసి పంపినాడు. ఉప్పు లేని కూడు ఎవురు తింటారు?"

అమ్మ మాట ఆ ఇంట్లో ఎన్నడూ చెల్లలేదు. మాత్రలు పొయ్యిలోకి పోయాయి. రోజూ ఉప్పుచేప కాల్చి పెడితే చెల్లెలు ఇష్టంగా తిన్నది. బుగ్గలు మళ్లీ నిండాయి. నాయనమ్మ ఇంటింటికీ ఎత్తుకెళ్లి చూపించింది.

చెల్లెలి శవాన్ని చూడవచ్చిన వాళ్లూ అదే మాటన్నారు.

"ఇంత పుష్టిగా ఉండే బిడ్డకి ఏమొచ్చిందమ్మా?"

నాయనమ్మ ఏడుస్తూనే, "అంతా నా చేతి తిండే" అన్నది.