కరీమాబీ కత్తెర

మా తెనాలి కరీమాబీకి ఒక్కటే జబ్బు. గుడ్డ కనపడితే చెయ్యి ఆగదు. తన గుడ్డ, పరాయి గుడ్డ అన్న భేదం ఆమె కత్తెరకి తెలియదు. మీరు వీధిలో ఆగి "బాగున్నావా పిన్నీ?" అని అడిగి, "బాగున్నానమ్మా" అన్న జవాబు విని, ఇంటికెళ్లి చూసుకుంటే పైటచెంగు మూలన బెత్తెడు చదరం ఉండదు.

నిలకడగా ఒకచోట ఉండే మనిషి కూడా కాదు. పొద్దున తెనాలిలో జాకెట్లు కుట్టి, మధ్యాహ్నం పొన్నూరులో ఇచ్చేసి, సాయంత్రానికి రేపల్లె బండిలో నిలబడే చీరకి ఫాల్ కుడుతుంటుంది. నడుముకి తాడు, తాడుకి కత్తెర. ఆమె బండెక్కిందంటే ఆడవాళ్లు చెంగులు బొడ్లో దోపుకుంటారు, మగవాళ్లు తువ్వాళ్లు సంచుల్లో దాచుకుంటారు.

బ్యాంకులో పనిచేసే విష్ణువర్ధన్ ఓసారి లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటి పిన్నీ ఇది! కొత్త చొక్కాకి వెనక కిటికీ పెట్టావేంటి?"

"ప్యాంటులోకి దోపుతావుగా నాయనా, ఎవరికి కనపడుద్ది? పైగా గాలాడుద్ది."

మా ఉద్యమాన్ని కూడా ఆమె వదల్లేదు. చినుకు పడితే మోకాలి లోతు మురుగులో నడిచే వీధి మాది. గుడ్డ మీద "మా వీధికి మురుగు కాలువ కావాలి" అని రాయించి మున్సిపల్ ఆఫీసు ముందు ధర్నాకి కూర్చున్నాం. ఆఫీసరు బయటికొచ్చి, చదివి, చిరునవ్వుతో దణ్ణం పెట్టి లోపలికెళ్లిపోయాడు. ఇదేం వింతని బ్యానర్ చూసుకుంటే చివర 'కావాలి' లేదు. "మా వీధికి మురుగు కాలువ" అని మాత్రమే మిగిలింది. కాలువ వచ్చేసిందన్న సంబరంలో దండలెయ్యడానికి వచ్చామనుకున్నాడు ఆ మహానుభావుడు! మా పక్కనే ఒక చేత్తో పిడికిలెత్తి నినాదాలిచ్చిన కరీమాబీ రెండో చేత్తో పని కానిచ్చేసింది.

"ఈ ముక్కలన్నీ ఏం చేస్తున్నావు పిన్నీ?" అని నిలదీశాను.

"తింటున్నా" అంది, అప్పటికే మూడిళ్లు దాటేసి.

చివరికి ఆ కత్తెర శేషగిరిరావు గారి పట్టు కండువా మీద పడింది. ఆయనకి మాగాణి ఉంది, వీధి మొత్తానికి పెద్ద అరుగూ ఉంది. ఆ అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కూర్చోకూడదో ఆయనకో లెక్క ఉంది. ఆ లెక్కేంటో నేను విప్పి చెప్పక్కర్లేదు, ఈ దేశంలో పుట్టిన వాళ్లందరికీ తెలుసు.

"రా అమ్మాయ్, నువ్వే సాక్షివి. ఇవాళ ఈ వీధిలో ఆ కత్తెరన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి!" అంటూ నన్ను వెంటబెట్టుకుని కరీమాబీ ఇంటి మీదికి దండెత్తారు.

లోపల కరీమాబీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. నేల మీద పక్కింటి జెన్నిఫర్ కూతురు బ్లెస్సీ, మూడో తరగతి పిల్ల, నాలిక బయటపెట్టి సూదితో కుస్తీ పడుతోంది. ఒళ్లో రంగురంగుల చదరాలు అతికిన గుడ్డ.

"కుట్లు చీమల బారులా ఉండాలే! కప్ప గెంతినట్టు వేస్తున్నావేంటి?"

"వేలికి గుచ్చుకుంది మామ్మా!"

"నోట్లో పెట్టుకుని కుట్టు. బండి టైమయిపోతోంది!"

ఆ బండి బాపట్లకి. అక్కడ హాస్టల్లో బ్లెస్సీకి సీటొచ్చింది. కొత్తచోట నిద్రపట్టక రెండుసార్లు పారిపోయి వచ్చేసింది. మూడోసారి వస్తే పేరు కొట్టేస్తామన్నారు. పేరు పోతే పిల్ల కూడా తల్లి వెంట రేపల్లె దగ్గర షెడ్డుకెళ్లి రొయ్యల తలలు తీసే పనిలో చేరడమే.

"ఏంటే అది?" అని గద్దించారు శేషగిరిరావు గారు.

"దిండు తాతయ్యా. హాస్టల్లో భయమేస్తే దీన్ని తడమాలంట, ఎవరో ఒకరు దొరుకుతారంట. నున్నగా ఉంటే విష్ణు బాబాయ్. రంగు అట్టకట్టి గరుగ్గా ఉంటే అక్క వాళ్ల బ్యానరు. ఈ మెత్తటిది మా అమ్మ నైటీ."

నేను వంగి మా బ్యానరు ముక్కని తడిమి చూశాను. శేషగిరిరావు గారు మాత్రం అరవడానికి వచ్చిన మనిషి, గొంతు ఇంకా అరుపులోనే ఉంది.

"మరి నాదెక్కడ?"

"ఇదిగో, ఈ మూల."

"మూలకేశావా! అది అసలైన పట్టే!"

"నేను అరుగెక్కితే దిగమంటారుగా తాతయ్యా. నా తల ఆనితే మీకు కోపమొచ్చిద్దని అంచుకేశా."

కరీమాబీ నడక ఆగింది. ఆమె కదలకుండా నిలబడటం నేను చూడ్డం అదే మొదలు.

శేషగిరిరావు గారు ఆ గుడ్డ మీదికి వంగారు. "మధ్యలో ఈ బొక్కేంటి?" అన్నారు, కాస్త తగ్గి.

"ఒక ముక్క తక్కువైంది అన్నయ్యగారండీ. నన్ను చూస్తే చాలు, వీధంతా తలుపులేసుకుంటున్నారు."

ఆయన కండువా తీసి ఆమె మీదికి విసిరారు. "కొయ్యి. నడిమధ్యన వెయ్యి. అంత పిసినారిగా కోస్తావేంటి, కాస్త పెద్దది కొయ్యి!"

బ్లెస్సీ సూది ఆపి తలెత్తింది. "అయితే అరుగు మీద కూర్చోవచ్చా?"

"నువ్వు బాపట్ల పోతున్నావుగా!"

"సెలవులకి వస్తాగా. మా అమ్మ కూడా కూర్చోవచ్చా?"

ఆయన నాకేసి చూశారు. సాక్షిని స్వయంగా పిలుచుకొచ్చారాయె!

"కూర్చోండి" అన్నారు, పన్ను పీకించుకున్నట్టు మొహం పెట్టి.

ఆ తర్వాత ఒకటే పరుగు. మంచి వైపు లోపలికి పెట్టి మూడు వైపులా కుట్టడం, తిరగెయ్యడం, బూరుగు దూది కూరడం. నాలుగో వైపు స్టేషన్లో కుట్టారు. తల్లితో బ్లెస్సీ ఎక్కిన బండి కదులుతుంటే కిటికీలోంచి వేలాడిన దారాన్ని, ప్లాట్‌ఫారం మీద పరిగెడుతూ కత్తిరించింది కరీమాబీ.

బ్లెస్సీ మళ్లీ పారిపోయి రాలేదు. నెల తిరిగాక నేనూ, కరీమాబీ చూడ్డానికెళ్లాం. దిండు నడుమ పట్టు చదరం అప్పుడే మాసి, పిల్ల తలనూనె వాసనేస్తోంది. గదిలో మిగతా పిల్లలందరి తలల కింద పుస్తకాల సంచులే. తిరుగు బండిలో కరీమాబీ ఒక్క క్షణం కూర్చోలేదు, బోగీ ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉంది. ఎక్కిన ప్రతి ఆడమనిషీ చెంగు దోపుకుంది.

మరుసటి వారం బాపట్లలో మా ధర్నా. "హాస్టల్ పిల్లలకు దిండ్లు కావాలి." ఈసారి మాకూ తెలివొచ్చింది. 'కావాలి' తర్వాత మూరెడు గుడ్డ ఖాళీగా వదిలాం. ఆ కొస పట్టుకుని నిలబడింది శేషగిరిరావు గారు. ఒక చేత్తో బ్యానరు, రెండో చేత్తో గట్టిగా తన పంచె.