తిప్పి గీసిన గల్లీ

వెంకటరాజానికి చిన్నప్పుడు తండ్రి నేర్పిన పని ఒకటే: గ్రాఫు కాగితం మీద జంపఖానా డిజైను సగం గీయడం. రెండో సగం గీయనక్కరలేదు. మగ్గం మీద కూర్చున్నవాడు ఆ సగాన్నే వెనక్కి చదువుకుంటూ నేసుకుంటాడు. నెమలి ఎడమ రెక్క గీసి ఇస్తే కుడి రెక్క దానంతటదే వస్తుంది. వరంగల్ పడుగులవాడలో ఈ కిటుకు తెలియని ఇల్లు లేదు. జంపఖానాల మీద గీసినంతకాలం దీనివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

డెబ్బై నాలుగులో తండ్రి పోయాడు. మగ్గం అక్క మల్లవ్వ ఇంటికి చేరింది, వెంకటరాజం నీళ్ళ ఆఫీసుకు చేరాడు. టెంపరరీ ట్రేసరు ఉద్యోగం. నేల కింద పోయే నీళ్ళ పైపుల పాత పటాల మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి, నల్లసిరాతో వాటిని మళ్ళీ గీయాలి. ఆ చెయ్యి దేవుడిచ్చిన చెయ్యి. గీత వణికేది కాదు, సిరా పొంగేది కాదు. అది చూసి ఆఫీసంతా మెచ్చుకునేది. ఆయన కూడా తక్కువేమీ మురిసిపోలేదు.

నిజానికి ఆ పటాలను అడిగేవాడే లేడు. పటాలు బీరువాలో ఉండేవి, పైపులు మొండయ్య తలలో ఉండేవి. మొండయ్య వాల్వులు తిప్పే మనిషి, చదువు రాదు. ఇనుప కడ్డీ ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కింద నీళ్ళు ఎటు పోతున్నాయో చెప్పేవాడు. ఎక్కడ పైపు పగిలినా ఇంజనీరు రాజేశ్వర్ రావు సారు పటం తెమ్మనేవాడు కాదు, మొండయ్యను పిలవమనేవాడు.

డెబ్బై ఎనిమిది మాఘమాసంలో హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఊరు మొత్తం పైపుల పటం ఒకే కొలతలో గీసి ఆయన ముందు పరవాలి. మొత్తం పదిహేడు షీట్లు. పాతవి బయటికి తీస్తే చాలావాటికి చెదలు పట్టి ఉన్నాయి. పడుగులవాడ షీటులో పడమటి సగం నిక్షేపంగా ఉంది. తూర్పు సగం చెయ్యి తగలగానే పొడిపొడిగా రాలిపోయింది.

“సార్, తూర్పు దిక్కు లేదు. మొండయ్య కాక వస్తే నడిచి చూసి గీస్త” అన్నాడు వెంకటరాజం.

“మొండయ్య మేడారం జాతరకు పోయిండు. నాలుగొద్దుల దాక రాడు. ఆఫీసరేమో ఎల్లుండే వస్తాండు. ఎట్లనన్న చెయ్యి, ఖాళీ మాత్రం కనవడొద్దు” అన్నాడు సారు.

వెంకటరాజం ఆ గల్లీల్లో పుట్టి పెరిగినవాడు. పడమట ఎన్ని సందులున్నాయో తూర్పునా అన్నే ఉన్నాయని కళ్ళు మూసుకుని చెప్పగలడు. సందులు ఒకే తీరుగా ఉన్నప్పుడు పైపులు మాత్రం వేరే తీరుగా ఎందుకుంటాయి అనుకున్నాడు. పడమటి సగాన్ని పల్చటి కాగితం మీద ఎక్కించుకుని, ఆ కాగితాన్ని బోర్లా తిప్పి, గుడ్డ కింద పెట్టి తూర్పు సగం గీసేశాడు. మురుగు పోయే మోరీలు వేరే పటంలో ఉన్నాయి, వాటిని ఉన్నవి ఉన్నట్టే దించాడు. పైపులు మాత్రం తిప్పి గీసినవి. ఒక షీటు కుదిరాక, మిగతా షీట్లలో చెదలు తిన్నచోట చెయ్యి ఆయనను అడక్కుండానే అదే పని చేసింది. రెండు రోజుల్లో ఊరంతా నిండిపోయింది.

ఆఫీసరు భూతద్దం పెట్టి మరీ చూసి, ఇంత శుభ్రమైన పని ఇంకెక్కడా చూడలేదన్నాడు. ఆ మాట పాతబడకముందే వెంకటరాజాన్ని పర్మనెంటు చేస్తున్నట్టు కాగితం వచ్చింది.

అదే వారంలో మొండయ్య జాతర నుంచి దిగి, తల్లుల ప్రసాదం బెల్లం తెచ్చి చేతిలో పెట్టాడు.

“నాకోసం అడిగినవట గద కొడుకా. పా, పడుగులవాడ తూర్పు దిక్కు చూపిస్త. ఆడ జర తిరకాసున్నది.”

“అయిపోయింది కాకా.”

“ఎవలు చూపిచ్చిన్రు?”

“పాత కాగితంల ఉండె.”

చదువురానివాళ్ళకు కాగితం మీదుండే గౌరవం అంతా ఇంతా కాదు. మొండయ్య సరేనని తలూపి వెళ్ళిపోయాడు. ఆ తిరకాసు ఏమిటని ఒక్క మాట అడిగి ఉంటే గంటలో తేలిపోయేది. అడిగితే కాగితంలో లేదని బయటపడుతుంది. వెంకటరాజం బెల్లం నోట్లో వేసుకుని ఊరుకున్నాడు.

అప్పటి నుంచి ఆయనకు మనశ్శాంతి లేదు. పడుగులవాడలో ఎవరు గడ్డపార ఎత్తినా పని వదిలి పోయి చూసి వచ్చేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఆ షీటుకు నకళ్ళు కావలసివస్తే తన చేత్తోనే తీసి, తన చేత్తోనే చుట్టి ఇచ్చేవాడు. నకలు నకలుకూ ఆ అబద్ధం గట్టిపడుతూ పోయింది. అయినా మొండయ్య ఉన్నన్నాళ్ళు పటం ఎవరూ విప్పలేదు. ఎనభై రెండులో మొండయ్య చనిపోయాడు. పాడె దగ్గర వెంకటరాజం మొండయ్య కొడుకుల కంటే ఎక్కువ ఏడ్చాడు. ఎంత ప్రేమో అనుకున్నారు అందరూ. ప్రేమ లేకపోలేదు గానీ, ఆ రోజు ఆయనను ఏడిపించింది భయం.

ఎనభై నాలుగు వానాకాలంలో పడుగులవాడలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదట ఇద్దరు ముసలివాళ్ళు పడ్డారు. వారం తిరక్కముందే దవాఖానలో మంచాలు చాలక నేలమీద పడుకోబెట్టారు. మోరీ నీళ్ళు ఎక్కడో నల్లా పైపులో కలుస్తున్నాయని డాక్టర్లు చెప్పారు. రాజేశ్వర్ రావు సారు పటం తెప్పించి బల్లమీద పరిచాడు.

“తూర్పున పైపు మోరీకి పది అడుగుల దూరంల పోతాంది, ఎక్కడ తాకుత లేదు. పడమట ఒక్క చోట మోరీని దాటుతాంది. నీళ్ళు పడమట నుంచే తూర్పుకు పోతయి గద. ఆడనే తవ్వున్రి” అన్నాడు.

వెంకటరాజం బల్లకు ఇవతల నిలబడి ఉన్నాడు. సారు వేలు పెట్టిన పది అడుగుల దూరం ఈ భూమ్మీద ఎక్కడా లేదని ఆ గదిలో ఆయన ఒక్కడికే తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. ఉద్యోగం పోవడం, జైలు, నలుగురిలో తలవంపులు అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. ఒకవేళ పడమటనే దొరుకుతుందేమో అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. పిరికివాడికి ఎప్పుడూ ఒక ‘ఒకవేళ’ దొరుకుతుంది. సాయంత్రం ఆఫీసు కాగానే తూర్పున ఉండే మల్లవ్వ ఇంటికి పోయాడు.

“అక్కా, నల్లా నీళ్ళు తాగకున్రి. స్టేషన్ కాడి బాయి నీళ్ళు తెచ్చుకొని కాగబెట్టుకోన్రి.”

“ఎందుకురా? ఆఫీసుల ఏమన్న తెల్సిందా?”

“ఏం లేదు. చెప్పినట్టు ఇను. ఎవలకు చెప్పకు, ఊకెనే పరేషాన్ అయితరు.”

తమ్ముడి మాట మల్లవ్వకు వేదం. ఆ పూటే కుండలు కడిగి బోర్లించింది, ఎవరికీ చెప్పలేదు.

పక్కింటి కోడలు నిర్మల రోజూ మల్లవ్వ దగ్గరికి వచ్చి నూలు కండెలు చుట్టేది. పెళ్ళయి రెండేళ్ళయింది. నోట్లో నాలుక లేని పిల్ల. పడమట తవ్వకం మొదలైన రోజు వచ్చింది. మర్నాడు రాలేదు. మూడో రోజు దాకా తవ్వితే పడమటి పైపు చెక్కు చెదరకుండా బయటపడింది, చుక్క కారడం లేదు. ఆ మధ్యాహ్నమే నిర్మల దవాఖానలో కన్ను మూసింది.

మల్లవ్వ దవాఖాన నుంచి ఇంటికి పోలేదు. నెత్తిన కొంగు కూడా సర్దుకోకుండా నేరుగా ఆఫీసుకు వచ్చింది. రాజేశ్వర్ రావు సారు అక్కడే ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

“నీకు ముందుగాలనే ఎట్ల తెల్సురా?” అని అడిగింది తమ్ముణ్ణి.

వెంకటరాజం లేచి నిలబడ్డాడు.

“ఎవలకు చెప్పకన్నవ్. నేను చెప్పలే. దాని చేతికి నేనే కండెలిచ్చిన, దినమంత నా పక్కనే కూసున్నది, ఒక్క మాట చెప్పలే. నాకు తమ్ముడున్నడు, చెప్పిండు. నిర్మలకు ట్రేసర్ తమ్ముడు లేడు గదరా!”

అప్పుడు చెప్పాడు వెంకటరాజం. చెదలు, జాతర, తిప్పిన కాగితం, మొండయ్య మాట అన్నీ నిలబడిన చోటే చెప్పాడు. సారు పనివాళ్ళను అప్పటికప్పుడు తూర్పుకు పంపాడు. రెండు గంటల్లో దొరికింది. ముప్పై అడుగుల మేర పైపు మోరీ లోపలే పడి ఉంది, అతుకు వదులై బుడగలు వస్తున్నాయి. అక్కడి నుంచి తూర్పుకు నీళ్ళు ఆపేశారు. మల్లవ్వ గట్టున నిలబడి అంతా చూసి, తమ్ముణ్ణి దాటుకుని నిర్మల ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు సారు తలుపు దగ్గరికి వేసి మెల్లగా అడిగాడు.

“ఇసొంటివి ఇంకెన్ని ఉన్నయి వెంకటరాజం?”

వెంకటరాజం బీరువా తెరిచి పదిహేడు షీట్లూ పరిచాడు. చెదలు తిన్న పాతవాటిని ఆఫీసరు వచ్చి పోయిన నెలలోనే తగలబెట్టారు, పోల్చి చూడటానికి ఏమీ మిగల్లేదు. పొద్దుటి నుంచి మూడున్నర దాకా ఒక్కో గీతా వెతికాడు. ఎక్కడన్నా చెయ్యి తడబడి ఉంటుందేమో, సిరా పల్చబడి ఉంటుందేమో అని చూశాడు. ఎక్కడా లేదు. ఏ సగం పాత పటంలో ఉన్నదో, ఏ సగం తిప్పి గీసిందో గీసినవాడికే తెలియడం లేదు.

“ఎరుకలేదు సార్. ఊరంత నీళ్ళు బంద్ పెట్టున్రి.”

“ఎన్నొద్దులు బంద్ పెడుతం? లక్షల మంది జనం” అన్నాడు సారు.

నల్లాలు నాలుగింటికి వస్తాయి. వెంకటరాజం చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి నడిచాడు. ఆఫీసు వెనక గల్లీలో మొదటి ఇంటి ముందు ఒకామె నల్లా కింద బిందె పెట్టి నిలబడి ఉంది.

“అమ్మా, ఈ నీళ్ళు తాగకున్రి.”

“ఎందుకు? ఏమైంది? నువ్వెవలు?”

“పైపుల పటం గీసెటోన్ని. మీ గల్లీ ఉన్నదున్నట్టు గీసిన్నో, ఊకెనే గీసిన్నో నాకే ఎరుకలేదు.”

ఆమె ఆయనను కిందికీ మీదికీ చూసింది. “పట్టపగలే తాగచ్చినట్టున్నడు” అని పక్కింటామెకు వినబడేలా అని, బిందె నిండేదాకా ఆగి, ఎత్తుకుని లోపలికి పోయింది. వెంకటరాజం పక్కింటికి నడిచాడు. అక్కడ బిందె అప్పటికే సగం నిండి ఉంది.