డెడ్ షిప్

అప్పుడు మేడ్చల్‌లో ఉండేవాళ్ళం. సరుకు రవాణా పడిపోయి, మావారు పనిచేసే ఓడ నెలల తరబడి సింగపూర్ దగ్గర లంగరేసి ఉంది. వారం నుంచి ఆయన ఫోన్ లేదు. ఒడ్డు నుంచి ఓడల్ని సరదాగా ఫొటోలు తీసేవాళ్ళ వెబ్‌సైటును, పాపను ఒళ్ళో పెట్టుకుని నెట్ సెంటర్‌లో తెరిచాను. మావారి ఓడ ఫొటో కింద ‘డెడ్ షిప్’ అని ఉంది. సెంటరతన్ని పిలిచి చూపించాను.

“పరేషాన్ గాకక్కా, మునగలే గదా” అన్నాడు సెంటరతను.

నిజమే. కానీ డెక్ మీద ఒక్క మనిషీ లేడు. ఎవరినడగాలో తెలియలేదు.

రెండ్రోజులకు ఆయన ఫోన్ చేశారు. “ఇంజన్ ఆపేస్తే అలా అంటారే, పిచ్చిదానా” అని నవ్వారు. ఇంటికెప్పుడొస్తారని అడిగాను. “కంపెనీ వాళ్ళు చెప్పాలి” అన్నారు.

ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒడ్డున నిలబడి చూడగలిగే ఓడలో ఉన్న నా మనిషిని, నేను బొమ్మలో వెతుక్కోవలసి వచ్చింది.