ఆటలో నేను కలపని జంట

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ప్రార్థనకు మోకరించిన ప్రతిసారీ అది నాకంటే ముందే వచ్చి కూర్చుంటుంది. సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఎన్నోసార్లు లేచాను. వేరే సంగతి చెప్పి కూర్చున్నాను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

మా సంఘం యువత కోసం ఆ ఏడాది దసరా సెలవుల్లో కట్టంగూర్ దగ్గర ఒక బడి ఆవరణలో రెండు రోజుల ఆట పెట్టాను. నాటకం లాంటిదే, కానీ రాసిన మాటలుండవు, చూసేవాళ్లుండరు. ప్రతివాళ్లూ ఒక పాత్ర తీసుకుని, ఒక కల్పిత ఊళ్లో ఆ మనిషిగా బతకాలి. ఈ ఆట హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు నేర్చుకున్నాను. ఊరన్నాక సంసారాలుంటాయి కదా! వాటికి నియమాలు నేనే రాశాను. జంటలు కలిసి వండుకోవాలి, పోట్లాడుకోవాలి, రాజీపడాలి. చేతులు పట్టుకోవడం దాటకూడదు. ఎవరైనా అరచేయి ఎత్తితే ఆట అక్కడే ఆగాలి. ముందుగా ప్రతివాళ్లూ చీటీలో గుర్తు పెట్టాలి: ఆటలో నా జంట మగమనిషి, ఆడమనిషి, ఎవరైనా సరే, జంట వద్దు. ఎవరి చీటీ ఎవరికీ చూపించనని మాటిచ్చాను. గుర్తులు కలిసినవాళ్లను ప్రార్థన చేసి చీటీలు తీసి జత కలపాలి.

ఆ నాలుగు గడులు ఎందుకు గీశాను? ఎవరినీ బయట నిలబెట్టకూడదనే. నిజంగా అందుకేనా, లేక ఆడవాళ్లు ఆడమనిషినీ, మగవాళ్లు మగమనిషినీ ఎలాగూ గుర్తు పెట్టరన్న ధైర్యంతో ఉదారంగా ఉన్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇద్దరమ్మాయిలు ‘ఆడమనిషి’ అని గుర్తు పెట్టారు. ఇద్దరే. చీటీ తీయాల్సిన పనే లేదు, వాళ్లే ఒక జంట. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నాకు భయమేసింది. పెద్దలు చూస్తే? బైబిలు వాక్యం ఏమంటుందోనని నేను ఆ పూట వెతకలేదు; వెతికానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. రెండు చీటీలూ చింపేశాను. ఒకామెకు ఒంటరి పంతులమ్మ పాత్ర ఇస్తే తీసుకుని వెళ్లిపోయింది. రెండో ఆమె, సుగుణ అందాం, బోరింగు దగ్గర నన్ను పట్టుకుంది.

“అక్కా, జర నిజం చెప్పు. నాలెక్క రాసినోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?”

“లేరు. ప్రార్థన చేసే చీట్లు తీసిన. నీకు జోడీ రాలే.”

“ఒక్కలు గూడ?”

“ఒక్కలు గూడ లేరు.”

ఆమె నవ్వింది. “అంటే దేవుడే చెప్పిండన్నట్టు, గీ జిల్లా మొత్తంల నేనొక్క తిక్కదాన్నే అని. పోనీ తియ్యి. మొగడు పోయిన ముసలవ్వ ఏషం ఇయ్యి. వంట తిప్పలుండది, అందర్నీ తిట్టొచ్చు.”

బాగా తిట్టింది. అందరూ పడీపడీ నవ్వారు.

చీటీ పడితే అది దేవుని నిర్ణయమని మా సంఘంలో నమ్ముతాం. బైబిలు తరగతిలో సుగుణకు ఆ మాట నేర్పింది నేనే. కాబట్టి ఆమె నన్ను అడగలేదు, ఆయన్ను అడిగింది. జవాబు నేనిచ్చాను. నా పిరికితనానికి ఆయన పేరు పెట్టాను.

ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఒకే పళ్లెంలో వెల్లుల్లి ఒలుస్తుంటే చూశాను. ఏం మాట్లాడుకునేవాళ్లు? దేనికి పోట్లాడుకునేవాళ్లు? అసలు ఒకరికొకరు నచ్చేవాళ్లేనా? నచ్చకపోవచ్చు కూడా. అది తెలుసుకోవలసింది వాళ్లు. ఇన్నేళ్లుగా ఊహించుకుంటున్నది నేను.

ఆ ఏడాది తర్వాత సుగుణ సంఘానికి రావడం మానేసింది. రెండో ఆమె ఇప్పటికీ ఆదివారం పాటల్లో నా ముందు వరుసలో నిలబడుతుంది. ఎవరి చీటీ ఎవరికీ చూపించనన్న మాట తప్పలేదని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. కానీ పేరెవరడిగారు? “ఉన్నరు” అంటే చాలు కదా. ఎవరి రహస్యం బయటపడేది?

అడిగితే దేవుడు క్షమిస్తాడని నమ్మే బతుకుతున్నాను. కానీ సుగుణకు నిజం చెప్పకుండా ఆయన దగ్గర ఆ క్షమాపణ ముందే అడిగేసుకోవడానికి నాకు నోరు రావడం లేదు. ఆమె ఎక్కడుందో కనుక్కోలేకపోయాను. ప్రస్తుతానికి మీకు చెబుతున్నాను: ఆ రోజు ఆమెలా రాసినవాళ్లు ఇంకొకరున్నారు. అదే ఆవరణలో, ఆమె పక్కనే ఉన్నారు. ఇంతవరకూ రాసి, ఎన్నాళ్లకో నిండుగా ఊపిరి తీసుకున్నాను.